రెండు అంగమారులు: మొక్కను, తెగులును పేరుపెట్టి గుర్తించడం



బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరైనవాడు మొక్కల తెగుళ్ల గురించి వ్రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. నేను చాలా ఏళ్లు పనిచేసిన బ్రాంచి కోలారు జిల్లాలోది. ఖాతాదారుల్లో ఎక్కువమంది టమోటా, రాగి, మామిడి రైతులు. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం మాట్లాడే మనవాళ్లే. పంట పోయినప్పుడు అప్పు గడువు పొడిగించమని వాళ్లిచ్చే అర్జీలో "నష్టానికి కారణం" అని ఒక గడి ఉండేది. చదువురాని వారికి దాన్ని నేనే నింపేవాణ్ణి. ఎన్నేళ్లయినా నేను వ్రాసిన మాట ఒక్కటే, "తెగులు". ఏ తెగులని పైవాళ్లెవరూ అడగలేదు. నేనూ రైతును అడగలేదు.

ఆ అడగకపోవడం 2010లో మా ఇంటిమీదికే వచ్చింది. మా బావగారు రెండెకరాల్లో టమోటా వేశారు. అంతకుముందు ఏడు ఆకులమీద గుండ్రటి మచ్చలొస్తే ఒక మందు కొట్టించారు, మచ్చలు ఆగిపోయాయి. ఈసారి కార్తీకమాసంలో నాలుగు రోజులు ముసురు పట్టి, మళ్లీ మచ్చలు కనబడగానే నాకు ఫోన్ చేశారు. "పోయినేటి మందు మిగిలింది కదా బావా, అదే కొట్టించండి" అన్నవాణ్ణి నేనే. ఒకసారి ఎవరికైనా చూపిద్దామని ఆయన అన్నారు కూడా. ఆ తిరుగుడెందుకు, కూలీ దండగ అన్నాను. వారం తిరిగేసరికి తోటమీద మరిగే నీళ్లు పోసినట్టయింది. పచ్చికాయలమీద కూడా గోధుమరంగు మచ్చలు పాకి గట్టిపడ్డాయి. సంక్రాంతిలోగా మా అక్క గొలుసు మా బ్రాంచిలోనే తాకట్టుకు వచ్చింది. ఆ రసీదు వ్రాసిందీ నేనే.

తర్వాత, చేతులు కాలాక, రెండు కొమ్మలు కవరులో వేసుకొని కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లాను. అక్కడి శాస్త్రవేత్త కొమ్మ తీసుకొని చేసిన మొదటి పని, ఆకును తిరగేయడం. మేమెవ్వరం ఆకు అడుగు చూడనే లేదు. ఆయన ఆ రోజు చెప్పింది, ఆ తర్వాత నేను పుస్తకాల్లో చదువుకున్నది కలిపి ఇక్కడ వ్రాస్తున్నాను.

ఒకే పేరు, రెండు తెగుళ్లు

బావగారు రెండేళ్లూ ఆ తెగులుకు చెప్పిన పేరు అంగమారి. కన్నడంలో ఆ మాట రెండింటికీ చెల్లుతుంది. తెలుగు పుస్తకాల్లోనూ ఒకటి ముందుగా వచ్చే ఆకుమాడు తెగులు, రెండోది ఆలస్యంగా వచ్చే ఆకుమాడు తెగులు. ఇంగ్లీషులో ఎర్లీ బ్లైట్, లేట్ బ్లైట్. ఒకరు అన్న, ఒకరు తమ్ముడు అన్నట్టుంటుంది వినడానికి. నిజానికి రెండింటికీ ఏ చుట్టరికమూ లేదు.

మొదటిది ఆల్టర్నేరియా అనే శిలీంధ్రం వల్ల వస్తుంది. కింది ముదురాకులతో మొదలై పైకి పోతుంది. మచ్చలో చెట్టు మొద్దు కోస్తే కనబడే వలయాల వంటి గీతలుంటాయి, చుట్టూ పసుపు అంచు ఉంటుంది. వెచ్చటి వాతావరణం దీనికి అనుకూలం. మెల్లగా పాకుతుంది కాబట్టి రైతుకు నాలుగు రోజుల వ్యవధి ఇస్తుంది.

రెండోది ఫైటాఫ్తోరా ఇన్‌ఫెస్టన్స్ వల్ల వస్తుంది. మచ్చలో వలయాలుండవు. నీళ్లలో నానినట్టు మసకపచ్చగా మొదలై గోధుమ, నలుపు రంగులకు తిరుగుతుంది. లేతాకు, ముదురాకు అనే తేడా చూడదు, కాండాన్నీ కాయనూ పట్టుకుంటుంది. చల్లదనం, తడి కలిస్తే చాలు. మన కోలారు వైపు ఈశాన్య రుతుపవనాల ముసురు దానికి పండగే. తెల్లవారుజామున ఆకు తిరగేసి చూస్తే మచ్చ అంచున సన్నటి తెల్లటి నూగు కనిపిస్తుంది. ఎండెక్కితే అది కనబడదు. మేము పదింటికి వెళ్లి, పైనుంచి చూసి వచ్చాం.

ఈ ఫైటాఫ్తోరా బూజులాగే దారాలు దారాలుగా పెరుగుతుంది. సిద్ధబీజాలు వేస్తుంది. అందుకే వందేళ్లకు పైగా పుస్తకాలు దాన్ని శిలీంధ్రాల్లోనే వేశాయి. అసలు శిలీంధ్రాల కణకవచంలో ఉండేది ముఖ్యంగా కైటిన్, రొయ్య పెంకులో ఉండే పదార్థమే. ఫైటాఫ్తోరా కణకవచంలో సెల్యులోజ్, దాని వంటి గ్లూకాన్లు ఉంటాయి. చల్లటి తడి దొరికితే దాని బీజకోశం నుంచి రెండేసి కశాభాలున్న కణాలు బయటపడి నీటి పొరలో ఈదుకుంటూ పోతాయి. ఈ లక్షణాలను, తర్వాత జన్యుపరీక్షలను బట్టి దీన్ని శిలీంధ్రాల రాజ్యం నుంచి తప్పించి ఊమైసీట్లు అనే వేరే గుంపులో పెట్టారు. దానికి దగ్గరి చుట్టాలు సముద్రంలోని గోధుమరంగు శైవలాలు, డయాటమ్‌లు. పుట్టగొడుగు కాదు.

ఇదంతా పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న కదా అనుకోకండి. మా బావగారు కొట్టించిన మందు ట్రయజోల్ జాతిది. శిలీంధ్రం తన కణపొర కోసం ఎర్గోస్టిరాల్ అనే కొవ్వుపదార్థాన్ని తయారుచేసుకుంటుంది. ట్రయజోల్ ఆ తయారీని ఆపుతుంది. ఫైటాఫ్తోరా ఎర్గోస్టిరాల్‌ను తయారుచేసుకోనే చేసుకోదు. లేని ఫ్యాక్టరీకి తాళం వేసినట్టయింది మా పని. మన ఊళ్లలో ప్రతి మచ్చకూ కొట్టే కార్బెండజిమ్ అయితే ఈ రెండింటిలో దేనిమీదా పనిచేయదు. మాంకోజెబ్ వంటివి తెగులు రాకముందు కొడితే రెండింటికీ అడ్డుపడతాయి, లోపలికి దిగిన తర్వాత కాదు.

మా కామర్సులో ఎర్రర్ ఆఫ్ ప్రిన్సిపుల్ అని ఒక పాఠం ఉంటుంది. మరమ్మతు ఖర్చును మరమ్మతుల ఖాతాలో కాక యంత్రాల ఖాతాలో వేస్తే అంకె తప్పు కాదు, ట్రయల్ బ్యాలెన్సు చక్కగా కలుస్తుంది. తప్పు ఉన్నట్టే తెలియదు. తెగులును తప్పు పద్దులో వేసినా అంతే. మందు కొన్నాం, మోతాదు కలిపాం, కూలీ ఇచ్చాం, అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

పాత అనుభవాలు

1845లో ఐర్లండులో ఉర్లగడ్డ పంటను ఊడ్చేసింది ఈ ఫైటాఫ్తోరానే. ఆ కరువులో దాదాపు 10 లక్షలమంది చనిపోయారు, ఇంకో 10 లక్షలమంది దేశం విడిచారు. అప్పటి పెద్దల్లో చాలామంది కుళ్లడం వల్ల బూజు వచ్చిందన్నారు. బర్క్‌లీ అనే ఇంగ్లీషు మతాచార్యుడు 1846లో, బూజు వల్లనే కుళ్లు వచ్చిందని వ్రాశాడు. జర్మనీకి చెందిన ఆంటన్ డి బరీ 1861లో ప్రయోగం చేసి నిరూపించాడు. 1876లో ఫైటాఫ్తోరా అనే పేరు పెట్టిందీ ఆయనే. గ్రీకులో ఆ మాటకు మొక్కలను నాశనం చేసేదని అర్థం.

మన పక్కనే, మలెనాడులో పోకతోటలకు వచ్చే కొళెరోగ కూడా ఒక ఫైటాఫ్తోరానే. మైసూరు సంస్థానం 1908లో లెస్లీ కోల్‌మన్ అనే కెనడా శాస్త్రవేత్తను పనిలో పెట్టుకుంది. ఆయన ఆ జీవిని గుర్తించి, మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమాన్ని వర్షాలకు ముందే గెలలమీద కొట్టడం నేర్పించాడు. ఆ మిశ్రమం ఫ్రాన్సులో ద్రాక్షతోటలకు వచ్చిన బూజు తెగులు కోసం 1880లలో పుట్టింది. ద్రాక్ష బూజు తెగులు, పోక కొళెరోగ, టమోటా లేట్ బ్లైట్ మూడూ ఊమైసీట్ల వల్ల వచ్చేవే. అక్కడి మందు ఇక్కడ పనిచేయడం అందుకే యాదృచ్ఛికం కాదు. వర్గీకరణ తెలిసినవాడికి ఆ లాభం ఉంటుంది. ఒకచోట నేర్చింది ఇంకోచోట పనికొస్తుంది.

జాతి పేరు తెలిసినంత మాత్రాన పని అయిపోదు. ఊమైసీట్లకని ప్రత్యేకంగా వాడే మెటలాక్సిల్ అనే మందుంది. 2009, 2010 సంవత్సరాల్లో కర్ణాటక వైపు టమోటామీద లేట్ బ్లైట్ విరుచుకుపడినప్పుడు శాస్త్రవేత్తలు నమూనాలు పరీక్షించారు. అంతకుముందు ఐరోపాలో కనబడిన 13_ఏ2 అనే వంశక్రమం ఇక్కడికి చేరిందని, అది మెటలాక్సిల్‌ను తట్టుకుంటుందని తేల్చారు. అంటే ఆ ఏడు బావగారు సరైన పద్దుకు చెందిన ఆ మందు కొట్టించినా తోట నిలిచేదని గట్టిగా చెప్పలేను. ఈ మాట ఆయనతో అన్నాను. "మరి నువ్వు ఊరికే ఎందుకు కుములుతున్నావు" అన్నారాయన. కానీ ఆకు తిరగేయకుండా సలహా చెప్పినది నేనే కదా.

ముందు మొక్క, తర్వాత తెగులు

తెగులును గుర్తుపట్టాలంటే అది పట్టిన మొక్క ఏదో ముందు తెలియాలి. మొక్కలో ఆకుకన్నా పువ్వు నమ్మదగిన సాక్షి. టమోటా, వంగ, మిరప, ఉర్లగడ్డ, పొగాకు, ఉమ్మెత్త, గట్లమీది కామంచి, వీటి ఆకులు ఒకదానికొకటి పోలవు. పువ్వులు దగ్గర పెట్టుకొని చూడండి. సాధారణంగా ఐదు ఆకర్షక పత్రాలు, అడుగున కలిసి ఉంటాయి. కేసరాలు ఐదు. టమోటా, కామంచి పువ్వుల్లో పరాగకోశాలు మధ్యలో ముక్కులా గుమిగూడి ఉంటాయి. వంకాయకూ మిరపకాయకూ తొడిమ దగ్గర పచ్చటి ముచ్చిక కాయతోపాటే మిగిలిపోతుంది. ఇవన్నీ సొలనేసి కుటుంబం. సంతలో దొరికే హైబ్రిడ్ టమోటా పువ్వుకు ఆరు, ఏడు రేకులు కూడా ఉండవచ్చు. ఒక్క పువ్వు చూసి కంగారుపడకుండా పది పువ్వులు లెక్కపెట్టండి.

కుటుంబం తెలిస్తే పంట మార్పిడి తెలుస్తుంది. టమోటాకు వడలు తెగులు తెచ్చే రాల్‌స్టోనియా అనే బ్యాక్టీరియా నేలలోనే ఉండిపోతుంది. టమోటా పోయిందని వంగ గానీ మిరప గానీ వేస్తే పంట మార్చినట్టు కాదు, అదే ఇంట్లో గది మార్చినట్టు. రాగి, జొన్న వంటి గడ్డి కుటుంబపు పంట వేస్తే దానికి తిండి తగ్గుతుంది. గట్టుమీది కామంచిని పీకేయమని చెప్పేదీ అందుకే.

వడలిపోయే మొక్కకు ఇంట్లోనే చేసే పరీక్ష ఒకటుంది. పిల్లలు తప్పక చేయాలి. నేలకు దగ్గరగా కాండం నుంచి రెండంగుళాల ముక్క కోసి, శుభ్రమైన నీళ్లున్న గాజుగ్లాసులో కోసిన కొన మునిగేలా కదలకుండా వేలాడదీయండి. కొద్ది నిమిషాల్లో కొన నుంచి పాలదారం వంటిది కిందికి దిగితే అది బ్యాక్టీరియా వడలు తెగులు. దారం దిగకుండా, కాండం చీల్చినప్పుడు లోపల గోధుమరంగు చారలుండి, ఆకులు కిందినుంచి పసుపెక్కుతూ వస్తే ఫ్యుజేరియం అనే శిలీంధ్రాన్ని అనుమానించాలి. మొదటిదానికి శిలీంధ్రనాశిని ఎంత పోసినా నేలపాలే.

మచ్చలున్న ఆకుకు ఇంకో పరీక్ష. తడిపి పిండిన కాగితం వేసిన ప్లాస్టిక్ కవరులో ఆకును పెట్టి, మూతి కట్టి, రాత్రంతా చల్లటిచోట ఉంచండి. లేట్ బ్లైట్ అయితే పొద్దుటికి ఆకు అడుగున తెల్ల నూగు తేలే అవకాశం ఎక్కువ. పదిరెట్లు పెద్దది చేసి చూపే చేతి భూతద్దం ఒకటి కొనుక్కోండి. పెద్ద ఖరీదేమీ కాదు. సూక్ష్మదర్శిని ఉన్న కాలేజీ అయితే ఆల్టర్నేరియా సిద్ధబీజాన్ని చూడవచ్చు. గదులు గదులుగా ఉండి ఒక కొన తోకలా సాగి ఉంటుంది. ఒకసారి చూస్తే మరచిపోరు.

పేర్ల గందరగోళం

మన ట్రస్టు పిల్లలు ఐదు చోట్ల చదువుతున్నారు. మనం రాగులు అనేదాన్ని ఉత్తరాంధ్రలో చోళ్లు, తెలంగాణలో తైదలు అంటారు. తమిళులు కేళ్వరగు, ఒడిశావారు మాండియా, మరాఠీవారు నాచణి అంటారు. బరంపురం అబ్బాయి, సోలాపూరు అమ్మాయి, హోసూరు అబ్బాయి ఒక బల్లమీద కూర్చుంటే ఎల్యుసినె కొరకాన అన్న పేరొక్కటే ముగ్గురికీ ఉమ్మడి. శాస్త్రీయ నామంలో మొదటి మాట ప్రజాతి, రెండోది జాతి. లెడ్జరు నంబరు, ఫోలియో నంబరు లాంటివనుకోండి.

ఖాతాల్లాగే పేర్లూ మారతాయి. టమోటాను 1753లో లిన్నేయస్ సొలానం ప్రజాతిలో వేశాడు. తర్వాత కొద్దికాలానికే మిల్లర్ దాన్ని విడదీసి లైకోపెర్సికాన్ అన్నాడు. పాత పాఠ్యపుస్తకాల్లో కనబడే లైకోపెర్సికాన్ ఎస్క్యులెంటం అదే. జన్యుపరీక్షల తర్వాత మళ్లీ సొలానం లైకోపెర్సికమ్‌గా పాత ఇంటికే వచ్చింది. అన్నయ్య పుస్తకంలో ఒక పేరు, మీ పుస్తకంలో ఒక పేరు ఉంటే రెండూ రాసిపెట్టుకోండి.

శిలీంధ్రాలతో ఇంకో చిక్కు ఉండేది. చాలా శిలీంధ్రాలకు లైంగిక దశ ఒక రూపం, అలైంగిక దశ ఇంకో రూపం. రెండూ ఒకటేనని తెలియక రెండు పేర్లు పెట్టారు, తెలిసిన తర్వాత కూడా రెండూ సాగాయి. వరికీ రాగికీ వచ్చే అగ్గితెగులు శిలీంధ్రం ఒకచోట పైరిక్యులేరియా, ఒకచోట మాగ్నపోర్తె. ఒకే మనిషికి రెండు పేర్లతో రెండు ఖాతాలన్నమాట. 2011లో మెల్‌బోర్న్‌లో జరిగిన వృక్షశాస్త్ర మహాసభ ఈ పద్ధతిని ఎత్తివేసింది. 2013 జనవరి 1 నుంచి ఒక శిలీంధ్రానికి ఒకే పేరు అన్నది నియమం. బ్యాంకులో ఇలాంటి ఖాతాలు కలపడానికి మేము పడ్డ పాట్లు గుర్తొచ్చి, ఆ వార్త చదివి నవ్వుకున్నాను.

తల్లిదండ్రులకు రెండు మాటలు. కర్ణాటకలో రైతుకోటా కింద బి.ఎస్సీ. అగ్రికల్చర్ వంటి కోర్సులకు పోయే పిల్లలకు ప్రాక్టికల్ పరీక్ష ఉంటుంది. అందులో గింజలు, మొక్కలు, పనిముట్లు ముందుపెట్టి గుర్తుపట్టమంటారు. ఆ ఏటి ప్రకటన చూసుకొని సిద్ధం కావాలి. మార్కుల కోసం పిల్లను ఇంట్లో కూర్చోబెట్టి చదివించేవారు, ఆదివారాలు పొలానికి కూడా పంపండి. దినపత్రికల మధ్య ఆకులు, పువ్వులు ఆరబెట్టి అట్టకు కుట్టి, మొక్క పేరు, ఊరు, తేదీ, అంతకుముందు వారం వాతావరణం వ్రాయించండి. తేదీ, వాతావరణం లేని నమూనా సంతకం లేని చెక్కు లాంటిది.

విత్తనం కొనేటప్పుడు కూడా ఈ చదువు పనికొస్తుంది. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థవారి అర్క రక్షక్ అనే టమోటా హైబ్రిడ్ మూడు తెగుళ్లను తట్టుకుంటుంది. ఆకుముడత వైరస్, బ్యాక్టీరియా వడలు తెగులు, ఎర్లీ బ్లైట్. అంగమారి రాదట అని ఎవరో చెబితే నమ్మి ముసురుకాలంలో దాన్ని వేసి, లేట్ బ్లైట్ వస్తే విత్తనాన్ని తిట్టి లాభం లేదు. అదే సంస్థవారి అర్క అభేద్ లేట్ బ్లైట్‌ను కూడా కలిపి నాలుగింటిని తట్టుకుంటుంది.

మన స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూలో ఒకసారి హార్టికల్చర్ చదివే అమ్మాయిని, చూద్దామని, "అంగమారికి ఏం మందు కొట్టాలమ్మా?" అని అడిగాను. "ఏ అంగమారి సార్? ఆకు అడుగు చూశారా?" అంది. ఫారంమీద మార్కులు వేసే గడిలో ఎంత వేశానో చెప్పకూడదు.

బావగారు ఇప్పటికీ టమోటా వేస్తారు. మచ్చ కనబడితే ఫోనులో ఫోటో పంపుతారు. మొదటి ఫోటో ఎప్పుడూ ఆకు పైభాగానిదే. అడుగు ఫోటో పంపమని నేను మళ్లీ ఫోన్ చేయాలి, అదీ తెల్లవారుజామున తీసింది. రెండోది వచ్చాక రెండింటినీ, కొమ్మతో సహా, కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకుపొమ్మంటాను. మందు పేరు మాత్రం నేను చెప్పను.